కుక్క వంతు

ఉదయం ఆరూ నలభైకి నా భార్య నీళ్ల బిందెని కుడి చంక నుంచి ఎడమ చంకకి మార్చుకుంది. నేను అరుగు మీద కూర్చుని చేతి గడియారానికి కీ ఇస్తున్నాను, అందుకని గంట గుర్తుంది. నుయ్యి మా ఇంటికి దగ్గరే. ఆ కాస్త దూరానికి ఆమె ఎప్పుడూ బిందె మార్చుకునేది కాదు. ఏమైందని అడిగితే, కుడి డొక్క కింద బిందె అంచు ఒత్తుకుంటోందని చెప్పింది. నేను మళ్లీ గడియారం వైపు చూడడం చూసి, "గడియారం సూస్తే బిందె బరువు తగ్గుతాదేటి బావా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె మా మేనమామ కూతురు. పెళ్లికి ముందూ బావ అనేది, తర్వాతా అలాగే అనేది.

అప్పటికి యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. మా ఊరి నుంచి గజపతినగరం నడిచి వెళ్లగలిగినంత దూరం. నేను అక్కడి బళ్లో పంతులుగా పని చేసేవాణ్ని. నాన్నది వ్యవసాయం. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, నువ్వులు. ఇంట్లో అమ్మా నాన్నా, మేమిద్దరం, మా నాలుగేళ్ల పిల్ల. ఒక కుక్క కూడా ఉండేది. దాన్ని నా భార్య పుట్టింటి నుంచి బుట్టలో పెట్టుకుని తెచ్చుకుంది. సారెలో అరిసెలు తక్కువయ్యాయని తెలిసి తన బావమరిది కుక్కని కలిపి లెక్క సరిచేశాడని నాన్న ఆమె ముందే అనేవాడు. ఆమె కూడా ఊరుకునేది కాదు. అరిసెలైతే మావ ఒక్కపూటలో ఊదేసేవాడు, కుక్కని తినలేడు కాబట్టే ఇన్నాళ్లుందని అనేది.

ఆ కుక్కని మేము శుభ్రంగానే ఉంచేవాళ్లం. వానలు మొదలవగానే దాని చెవుల వెనకా వేళ్ల సందుల్లోనూ పిడుదులు పట్టేవి. నా భార్య పొద్దెక్కాక పెరట్లో కూర్చుని, దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి కొబ్బరి చిప్పలో కిరసనాయిలులో వేసేది. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్కపోతే నిప్పుల్లో వేసేది. తర్వాత ఒంటికి కానుగ నూనె రాసేది. ఆ వాసనకి కుక్క రెండు రోజులు ఎవరి మొహమూ చూసేది కాదు. పక్కన కూర్చుని పిల్ల దాని తోక పట్టుకునేది. పురుగులన్నీ కుక్క ఒంటి మీదే ఉంటాయని మేము అనుకునేవాళ్లం. కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టు తీసేశాం.

ఇక రెండో సంగతి చెప్పాలి. ఊళ్లో ఏటేటా వేసవిలో అమ్మవారి పండుగ చేసేవారు. వ్యవసాయం చేసే ప్రతి ఇంట్లోనూ ఆ రోజు ఒక మేకపోతుని కోసేవారు. ఇంటి పెద్దే కొయ్యాలి. కోశాక మాంసం వాటాలు వెయ్యకముందు, కాలేయంలోంచి ఒక ముక్క కోసి ఇంటి కుక్కకి పచ్చిదే వెయ్యాలి. దాన్ని కుక్క వంతు అనేవారు. కుక్క తిన్నాకే ఇంట్లో పొయ్యి వెలిగించేవారు. ఒక్కోసారి కాలేయం మీద గాని ఊపిరితిత్తుల మీద గాని తెల్లటి నీటిబుడ్డలు ఉండేవి. అవి కనిపిస్తే వంతు పెద్దదయ్యేది. బుడ్డ ఉన్న భాగమంతా కోసి కుక్కకే వేసేవారు. ఆ ఏడు ఇంటి మీదకి రావలసిన జబ్బుని అమ్మవారు మేకలో పెట్టి చూపించిందనీ, కుక్క దాన్ని మింగి ఇంటిని తేలిక చేస్తుందనీ నమ్మకం. బుడ్డ కనిపించిన సంవత్సరం మా అమ్మ సంతోషించేది. కుక్క ఆ బుడ్డని పంటితో నొక్కినప్పుడు నీళ్లు చిమ్మేవి. పిల్లలం చిన్నప్పుడు అది చూడడానికి ముందుకి తోసుకునేవాళ్లం. మా మావయ్య ఇంట్లోనూ ఇదే పద్ధతి. నా భార్య కూడా అలాగే చూసి ఉంటుంది.

బిందె మార్చుకున్న కొన్నాళ్లకి ఆమె తిండి తగ్గింది. డొక్క కింద గట్టిగా గుండ్రంగా చేతికి తగిలేది. అమ్మ మళ్లీ నెల తప్పిందనుకుంది. గజపతినగరంలో చూసిన డాక్టరు చేత్తో నొక్కి చూసి, తనకి అనుమానంగా ఉందనీ, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనీ చెప్పాడు. పిల్లని అమ్మ దగ్గర వదిలి బండెక్కాం. విజయనగరంలో బండి మారేటప్పుడు ఆమె ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఇంట్లో కుక్కకి పిడుదులు ఎవరు తీస్తారని అడిగింది. వారంలో వచ్చేస్తాం కదా అన్నాను.

ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఆపరేషన్ అయ్యాక నన్ను పిలిచి, ఎనామిల్ పళ్లెం మీద కప్పిన గుడ్డ తీసి చూపించాడు. పళ్లెం నిండా తెల్లటివి, మెత్తటివి, లోపల నీళ్లతో, చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. వాటిని చూస్తే నాకు తాటి ముంజలు గుర్తుకొచ్చాయి. ఇప్పటికీ వేరే పోలిక దొరకలేదు.

ఆయన నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. ఇంట్లో కుక్క ఉందా. ఇంటి దగ్గర మేకనో గొర్రెనో కోస్తారా. పాడైన కాలేయం ఏం చేస్తారు. నేను మూడింటికీ జవాబు చెప్పాను. మూడో జవాబు పూర్తికాకముందే ఆయన తల ఊపాడు.

తర్వాత నిదానంగా విషయం చెప్పాడు. కుక్క పేగుల్లో ఒక పురుగు ఉంటుంది, నువ్వుగింజకి కొంచెం పెద్దది. దాని గుడ్లు కంటికి కనిపించవు. కుక్క మలంతో బయటికొచ్చి గడ్డి మీద పడతాయి, దాని ఒంటి బొచ్చుకి అంటుకుంటాయి. గడ్డి మేసిన మేక కాలేయంలో అవే నీటిబుడ్డలవుతాయి. ఆ బుడ్డని కుక్క తింటే దాని పేగుల్లో మళ్లీ పురుగులవుతాయి. కుక్కని ముట్టుకున్న చేయి నోట్లో పెట్టుకుంటే మనిషికీ మేకకి జరిగినట్టే జరుగుతుంది. మనిషి దగ్గర మాత్రం ఆ దారి ఆగిపోతుంది, మనిషి కాలేయాన్ని కుక్కకి ఎవరూ వెయ్యరు కాబట్టి అన్నాడు. బుడ్డ పెరగడానికి ఏళ్లు పడుతుందనీ, ఈమెకి చిన్నతనంలోనే పట్టి ఉండవచ్చనీ చెప్పాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అప్పుడు అడిగాడు. ఉంది అన్నాను.

ఆయన చెప్పినదంతా మంచం పక్కన కూర్చుని ఆమెకి చెప్పాను. ఆమె దగ్గర నేను ఏదీ దాచేవాణ్ని కాదు. ఆమె కళ్లు మూసుకుని వింది. "పిల్లని సూసుకో" అంది. తర్వాత, "కుక్కని సంపనీకు బావా. మనం పెట్టిందే తిన్నాది" అంది.

ఆపరేషన్ చేసిన గాయం చీము పట్టింది. జ్వరం దిగలేదు. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. ఆమె అక్కడే పోయింది.

ఇంటికొచ్చాక నాకు ముందు కనిపించింది, వీధి గుమ్మంలో కుక్క మెడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్న పిల్ల. అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి అక్కడే పడుకుందట. నేను పిల్లని ఎత్తుకుని నూతి దగ్గరికి తీసుకెళ్లి చేతులూ మొహమూ కడిగాను. అది నిద్రలోంచి లేచి కుక్క కోసం కేకలు పెట్టింది.

ఆ తర్వాత ఏడాది నా ఆలోచనంతా ఈ ఒక్కదాని మీదే ఉంది. కుక్కని పొలంలో పాక దగ్గర కట్టించాను. పిల్ల అన్నం మానేసింది. మూడో పూటకి అమ్మ తనే వెళ్లి కుక్కని విప్పి తీసుకొచ్చింది. తల్లిని తీసుకెళ్లావు, కుక్కనీ తీసుకెళ్తే పిల్ల ఎవరి మొహం చూసి తింటుంది అని నన్ను అడిగింది.  పిల్ల కుక్కని ముట్టుకోకుండా ఆపలేను. కాబట్టి ముట్టుకున్నా ప్రమాదం లేని కుక్కగా దాన్ని చెయ్యాలి.

గజపతినగరంలో పశువుల డాక్టరు దగ్గరికి దాన్ని నడిపించుకుని వెళ్లాను. అక్కడ వరుసగా ఎడ్లు కట్టి ఉన్నాయి. నా చేతిలో తాడు, తాడు చివర ఊరకుక్కని చూసి, దీన్ని ఏ బండికి కడతారు మాస్టారూ అని డాక్టరు నవ్వాడు. నేను వచ్చిన పని చెప్పాక నవ్వు ఆపి, కుర్చీ వేయించాడు. ఆయన చెప్పిన మందు వక్క. కుక్కని ఒక పూట పస్తుంచి, ఎండు వక్కని మెత్తగా దంచి, దాని బరువుకి తగినంత కొలిచి, నేతిలో ఉండ చేసి మింగించాలి. వెంటనే కట్టెయ్యాలి. కాసేపటికి విరేచనమవుతుంది. దాన్నంతా గడ్డి వేసి కాల్చెయ్యాలి. మందు పెట్టే చోట పిల్లలు ఉండకూడదు. మూడు నెలలకోసారి ఇలా చెయ్యాలి. పిల్ల అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలి. కుక్క తిరిగే పెరట్లో పండిన కూరలు కడక్కుండా తినకూడదు. ఇంకా ఏమైనా ఉందా అని అడిగాను. ఇవన్నీ చేసి మళ్లీ పండుగనాడు ఒక బుడ్డ వేస్తే, ఇవేవీ చెయ్యనట్టే అన్నాడు.

వక్క ఉండ కుక్క చేత మింగించడం తేలిక కాదు. మొదటిసారి నా చేతి మీద పన్ను దిగింది. రెండోసారి నాన్న వచ్చి, నన్ను పక్కకి తప్పుకోమని, దాని దవడ ఒడుపుగా పట్టుకుని మింగించాడు. మందు మీద ఆయనకి పేచీ లేదు. పిడుదులు తీసినట్టే ఇదీ అనుకున్నాడు. వంతు మాట ఎత్తినప్పుడే మొహం మారిపోయేది.

పదకొండో రోజు అయ్యాక ఒకసారి ఆయనకి అంతా చెప్పాను, పళ్లెంలో చూసిన ముంజల్లాంటి వాటితో సహా. ఆయన లేచి పొలానికి వెళ్లిపోయాడు. ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఆ ఏడు మాకు పండుగ లేదు. ఆ గడువు నాకు మేలు చేసింది. సంవత్సరీకం పెట్టాక, మళ్లీ వేసవిలో పోతుని కొని పెరట్లో కట్టినప్పుడు నేను అడిగాను. వంతు వెయ్యొద్దు అన్నాను. నాన్న గడ్డి తాడు పేనుతూ తల ఎత్తకుండా చెప్పాడు.

"మా తాత ఏసినాడు, మా అయ్య ఏసినాడు. నేను ఆపిన ఏడు ఆ పిల్లకి ఏటన్నా అయితే ఎవుడు సమాధానం సెప్తాడు? మీ డాట్రా?"

ఆయన మొండితనంతో అనలేదు. నేను ఏ పిల్ల కోసం ఆపమంటున్నానో ఆయన ఆ పిల్ల కోసమే ఆపనంటున్నాడు. అందుకే వాదించలేకపోయాను. కోడలికి జబ్బు మీ అమ్మ పుట్టింట పట్టిందేమో, మన కుక్కని ఎందుకంటావని ఇంకోసారి అన్నాడు. అమ్మ వింటూనే ఉంది. మా పుట్టింటి కుక్కే మీ ఇంట్లో ఉన్నాది కదా, ఇంక ఏ ఇల్లని సెప్తావని అడిగింది. 

పండుగ రోజు పొద్దున్నే పిల్లని మా అత్తవారి ఊరు పంపేద్దామనుకున్నాను. అక్కడా ఇదే పండుగ, ఇదే వంతు. పంపి లాభం లేదు. పెరట్లోనే నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాసేపటికి జారి వెళ్లి కుక్క పక్కన కూర్చుంది. కుక్కకి తన రోజని తెలుసు. నాన్న కత్తి నూరడం మొదలుపెట్టినప్పటి నుంచి అది తన చోటులో కదలకుండా కూర్చుంది.

నాన్న పోతుని కోశాడు. తోలు తీసి, కడుపు చీల్చి, కాలేయం బయటికి తీసి తాటాకు మీద పెట్టాడు. దాని అంచున తెల్లటి బుడ్డ ఉంది, నిమ్మకాయంత. అమ్మ చేతులు జోడించింది. నాన్న దాని చుట్టూ కత్తి పెట్టాడు. అప్పుడు పిల్ల కుక్క మెడ చుట్టూ చేయి వేసుకునే ముందుకి వంగి, రెండో చేయి చాపింది.

"తాతా, ముంజ. నాకూ ఒకటియ్యి."

అవి ముంజల రోజులే. ముందురోజు సాయంత్రం నాన్నే దానికి గెల దింపించి తినిపించాడు. ఆ మాట ఎవరూ నేర్పింది కాదు. నేను నాన్నకి చెప్పిన మాట పిల్ల వినలేదు.

నాన్న కత్తి తీసి పక్కన పెట్టాడు. నా వైపు చూశాడు.

"ఇలగేనా?"

"ఇలాగే."

"ఎంత?"

"పళ్లెం నిండా."

ఆయన కాలేయాన్ని తాటాకులోనే మడిచి పట్టుకున్నాడు. పిల్ల చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు, తన చేతులు నెత్తురుగా ఉన్నాయి. అమ్మని పిలిచి, పిల్లని లోపలికి తీసుకెళ్లి చేతులు కడగమన్నాడు. తర్వాత నాతో, "గొయ్యి తియ్యి. కుక్క కాలికి అందనంత లోతు తియ్యి" అన్నాడు.

అమ్మ గుమ్మంలో ఆగి, మరి అమ్మోరు అని గొణిగింది.

"అమ్మోరికి నేను సెప్పుకుంటాను" అన్నాడు నాన్న.

పెరటి చివర గొయ్యి తీశాను. వేసవి నేల, గునపం దిగడానికి చాలాసేపు పట్టింది. నాన్న తాటాకుతో సహా లోపల వేసి, సున్నం చల్లి, మట్టి కప్పి, పైన రాయి దొర్లించి, రాతి చుట్టూ తుమ్మ కంప పరిచాడు. కత్తిని మరిగే నీళ్లలో ముంచాడు.

కుక్క మాత్రం తన చోటు వదల్లేదు. కుక్క తినకుండా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. వంతు వెయ్యకపోవడానికి ఒప్పుకున్నాయన ఆ మాట దాటడానికి ఒప్పుకోలేదు. పొయ్యి వెలిగించకపోతే మాంసం ఉడికించలేం, ఉడికించకుండా కుక్కకి పెట్టలేం. చివరికి నాన్నే పెరట్లో మూడు రాళ్లు పెట్టి, ఇది ఇంటి పొయ్యి కాదని చెప్పి, శుభ్రమైన మాంసం ముక్క ఒకటి చట్టిలో బాగా ఉడికించాడు. అది చల్లారేదాకా మేమంతా ఆకలితో చుట్టూ కూర్చున్నాం. కుక్క వాసన చూసి, అనుమానంగా నాన్న వైపు చూసి, తినేసింది. అప్పుడు అమ్మ లోపల పొయ్యి వెలిగించింది.

మాస్టారింట్లో కుక్కకి ముందు వడ్డిస్తున్నారని ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసింది. ఉప్పూ కారం కూడా వేస్తున్నారా అని అడిగినవాళ్లున్నారు. నాన్న కోప్పడలేదు. కానీ ఇంకో సంగతి ఆయనే ఆలోచించాడు. మన కుక్క మన పెరట్లోనే ఉండదు, పక్కవాళ్ల పెరట్లో బుడ్డ తిని మన గుమ్మంలో పడుకుంటుంది అన్నాడు. మరుసటేడు పండుగకి కుక్కని ఇంట్లో కట్టేసి, పగిలిన కుండ ఒకటి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మీ బుడ్డలు ఇందులో వెయ్యండి, నా గోతిలో పూడుస్తాను అని అడిగాడు. కొందరు వేశారు. కొందరు మొహం తిప్పుకున్నారు. "గోతికి అద్దె ఎంత మావా?" అని నాన్నకి అల్లుడి వరసైన ఒకతను అడిగాడు. "ఒక కోడలు" అన్నాడు నాన్న. అతను కాలేయం తీసుకొచ్చి తనే కుండలో వేశాడు.

కొన్నేళ్లకి ఊళ్లో చాలా ఇళ్లు గొయ్యి తీయడం మొదలుపెట్టాయి. పూర్తిగా అందరూ ఎప్పుడూ తీయలేదు.

కుక్క ముసలిదై పోయింది. పిల్ల దాన్ని పూడ్చిన చోట ఒక కనకాంబరం మొక్క నాటింది.

నా భయం మాత్రం కుక్కతో పోలేదు. బుడ్డ పెరగడానికి ఏళ్లు పడుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. తల్లి పోయేదాకా ఆ నాలుగేళ్లూ పిల్ల ఆ కుక్కతోనే ఆడింది. దానిలోకి ఏదైనా వెళ్లి ఉంటే ముందే వెళ్లి ఉంటుంది. మేము ఆపినది ఆ తర్వాతదాన్నే. ఇది నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. అమ్మకి మేము చెప్పలేదు, కానీ ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. శనివారం తలంటు పోసే ముందు పిల్లని చాప మీద పడుకోబెట్టి, నూనె రాస్తూ, కుడి డొక్క కింద వేళ్లతో నొక్కి చూసేది. నేను గుమ్మం బయట నిలబడేవాణ్ని. ఏమీ లేకపోతే అమ్మ దగ్గేది. అదే గుర్తు. నేను బడికి వెళ్లిపోయేవాణ్ని.

పిల్ల పెద్దదయ్యాక ఎందుకు నొక్కుతావని నాయనమ్మతో తగువు పెట్టుకునేది. పద్నాలుగేళ్లప్పుడు నేనే దానికి అంతా చెప్పాను. తర్వాత అది తనే వచ్చి పడుకునేది. గరివిడి వైపు సంబంధం చేసి పంపాం. పుట్టింటికొచ్చిన ప్రతిసారీ, కాళ్లు కడుక్కున్నాక, అన్నానికి ముందు, నాయనమ్మ చాప పరిచేది. ఇద్దరు పిల్లల్ని కన్నాక కూడా అలాగే. వాళ్లు చుట్టూ చేరి, అమ్మకి ఏమైందని అడిగేవారు.

నాన్న పోయాడు. అమ్మకి చూపు తగ్గింది, వేళ్లు మాత్రం బాగానే ఉండేవి. ఒక ఏడు మా అమ్మాయి వచ్చి చాప మీద పడుకుంది. అమ్మ నొక్కి చూసి, దగ్గి, దీని వయసెంతరా అని నన్ను అడిగింది. చెప్పాను. తల్లి పోయిన వయసుకి రెండేళ్లు దాటింది. అమ్మ కాసేపు చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత కొంగు సర్ది, లే, అన్నం తిను అంది.

ఆ చాప మళ్లీ పరవలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరి కడుపూ నొక్కి చూడరు.